రెండు వందల యాభై రూపాయల పొట్టేలు

నల్లకోటు కొత్తగా కుట్టించుకుని మా తాలూకా కోర్టు మెట్లెక్కే పిల్లల కోసం ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. ముప్పై ఏళ్లకు పైగా క్రిమినల్ కేసులు చేశాను. ఎన్ని గెలిచారని అడగకండి, లెక్క పెట్టుకోలేదు. ఓడినవి మాత్రం ముద్దాయిల పేర్లతో సహా గుర్తున్నాయి. నాకు వేసిన దండలు, కప్పిన శాలువాల గురించి రాయను. ఊరి పేరు కూడా రాయను. అక్కడ నాకు తెలిసినవాళ్లు ఇంకా ప్రాక్టీసులో ఉన్నారు, వాళ్లలో ఇద్దరికి పరువునష్టం దావాలంటే మహా సరదా.

కొత్తగా వచ్చినవాళ్లు నన్ను అడిగేది ఒకటే: "సార్, డిఫెన్స్ ఎలా తయారు చేసుకోవాలి?" దానికి జవాబు నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. ఒక పొట్టేలు వల్ల తెలిసింది. ఆ పొట్టేలును కేసు నడుస్తుండగానే తినేశారు. ఆ సంగతి కూడా చెప్తాను.

సీనియరు గారి మంత్రం

మా సీనియరు గారు గొప్ప లాయరు, గొప్ప కోపిష్టి. ఆయన ఆఫీసులో క్లయింట్లకు కుర్చీ ఉండేది కాదు, బెంచీ ఉండేది. ఆ బెంచీ కూడా గుమ్మానికి అవతల ఉండేది. మొదటి రోజే నాకు మంత్రోపదేశం చేశారు. మనిషి చెప్పేది వినొద్దు, కాగితం చదువు అన్నారు. పోలీసులు ఏం రాశారో దానికే మనం జవాబు చెప్పాలి, జరిగినదానికి కాదు. జరిగింది ఏమిటో తెలుసుకుంటే అనవసరంగా మనసు పాడవుతుందని ఆయన నమ్మకం.

పదింట తొమ్మిది కేసుల్లో ఆయన మాట నిజమే. పదో కేసు గురించి ఆయన చెప్పలేదు. చెప్పేలోపే పోయారు, పాపం.

ఆఫీసుతో పాటు ఆయన గుమాస్తా ఖాజా సాహెబు కూడా నాకు దక్కాడు. నాకంటే పెద్దవాడు, నాకంటే చట్టం బాగా తెలిసినవాడు, ఆ రెండు సంగతులూ రోజూ గుర్తు చేసేవాడు. క్లయింట్లకు బోనులో ఎలా నిలబడాలో, ఏం చెప్పాలో తర్ఫీదు ఇచ్చేది ఆయనే.

నంబర్ల గురించి కాస్త

ఇప్పుడు చట్టాల పేర్లూ మారాయి, నంబర్లూ మారాయి. నేను పాత నంబర్లతోనే చెప్తాను, ఈ వయసులో కొత్తవి బుర్రకెక్కవు.

మా మెట్టలో గట్టు దగ్గర గొడవ జరిగి చేత్తో కొడితే 323. చేతిలో కట్టెపుల్ల ఉంటే 324. కొట్టేటప్పుడు "నీ అంతు చూస్తా" అంటే 506 కూడా వచ్చి చేరుతుంది. ఆ మాట అనకుండా కొట్టుకున్న మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. దెబ్బ తల మీద పడితే 307, హత్యాయత్నం. ఇక పేర్ల సంగతి. కొట్టింది ఒక్కడే అయినా ఆ ఇంట్లో మగవాళ్లందరి పేర్లూ ఫిర్యాదులో రాయిస్తారు. ఒక కేసులో ఆరో ముద్దాయి ఎవరయ్యా అంటే, దెబ్బ తిన్నవాణ్ణి బండిలో వేసుకుని ఆసుపత్రికి తీసుకుపోయినవాడు. బండి ఊరికే ఎందుకిస్తాడు, ఏదో ఉంటుందిలే అని రాయించారట.

అందుకే ఛార్జిషీటులో నంబర్లు చూసి బెదరకండి. శిక్ష ఎన్నేళ్లని పుస్తకంలో చూడటం కూడా అంత ముఖ్యం కాదు. దొంగతనానికి 379, మూడేళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. పొట్టేళ్ల కేసుల్లో మూడేళ్లు వేసిన మేజిస్ట్రేటును నేను చూడలేదు. ఒప్పుకుంటే జరిమానాతో పోతుంది. అందుకే కొందరు లాయర్లు "ఒప్పుకోప్పా, ఫైను కట్టుకుని ఇంటికి పో" అంటారు. అది సోమరి సలహా. ఫైను కట్టినవాడు ఇంటికి దొంగగా పోతాడు. అసలు శిక్ష సెక్షన్‌లో రాసి ఉండదు. నేను చెప్పబోయే కుర్రవాడికి అసలు శిక్ష ఏమిటంటే, చేతికొచ్చిన బస్సు కండక్టరు ఉద్యోగం పోవడం. దొంగతనం రుజువైనవాడి భుజానికి డబ్బు సంచి ఎవరు తగిలిస్తారు?

దొర

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, వరసగా వానలు ఎగ్గొట్టిన కాలం. కుందుర్పి పక్కన ఒక పల్లె నుంచి వన్నూరుస్వామి అనే ఇరవై నాలుగేళ్ల కుర్రవాణ్ణి పోలీసులు పట్టుకొచ్చారు. వాడి వెనకే వాళ్లమ్మ మారెక్క వచ్చింది. భర్త లేడు, ఇతనొక్కడే కొడుకు. కండక్టరుగా ఎంపికైనట్టు కాగితం వచ్చి నెల కూడా కాలేదు.

ఫిర్యాదు చేసింది అదే ఊరి తిప్పన్న. గొర్రెలూ, నాలుగెకరాల మెట్టా ఉన్న మనిషి. ఆయన పొట్టేలు పోయింది. పొట్టేలు పేరు దొర. కాగితంలో ఏముందంటే: ఫలానా రాత్రి రెండు గంటలకు ముద్దాయి దొడ్డిలో జొరబడి ఐదు వేల రూపాయల విలువైన పొట్టేలును దొంగిలించాడు, ఫిర్యాది టార్చిలైటు వెలుతురులో గుర్తుపట్టాడు, ఊరి బయట కంపచెట్ల మాటున దాచి ఉండగా పోలీసులు ఇద్దరు మధ్యవర్తుల ముందు స్వాధీనం చేసుకున్నారు.

మంత్రం ప్రకారం కాగితం చదివాను. మనిషిని ఒకటే ప్రశ్న అడిగాను, ఆ రాత్రి రెండు గంటలకు ఎక్కడున్నావని. కంబదూరులో మేనమామ కూతురి పెళ్లిలో ఉన్నానన్నాడు. రుజువేమిటంటే పెళ్లి ఆల్బమ్ తెచ్చిచ్చాడు. అందులో పన్నెండు ఫోటోల్లో సాంబారు బకెట్‌తో వీడే ఉన్నాడు. పెళ్లికొడుకు కూడా అన్ని ఫోటోల్లో లేడు. నాకు ఆనందం పట్టలేదు. ఇంత మంచి డిఫెన్స్ నా సర్వీసులో దొరకలేదనుకున్నాను.

అప్పుడు మారెక్క గుమ్మం దగ్గర నుంచి మాట కలిపింది.

"తోలుకొచ్చింది నిజమే సామీ, కానీ దొర అంటే..."

నేను చెయ్యెత్తి ఆపేశాను. "అమ్మా, 'నిజమే' అనే మాట ఈ ఆఫీసులో వద్దు" అన్నాను. ఖాజా సాహెబు కూడా తల ఊపాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బెంచీ మీద కూర్చుంది. ఆ మాట పూర్తి చేయనిచ్చి ఉంటే ఈ వ్యాసం రాయాల్సిన పనే ఉండేది కాదు.

బెయిలొచ్చింది. పొట్టేలును కూడా కోర్టుకు తెచ్చారు. నిజంగానే దొరలా ఉంది, నల్లటి ఒళ్లు, నుదుటి మీద తెల్లటి మచ్చ. విచారణ అయ్యేదాకా అది తిప్పన్న దగ్గరే ఉండాలని, అడిగినప్పుడు కోర్టుకు తెచ్చి చూపించాలని, లేకపోతే ఐదు వేలు కడతానని ఆయన చేత పూచీ రాయించుకున్నారు. ఆ కాగితాలయ్యేలోపు దొర నోటీసు బోర్డు దగ్గరికి పోయి, మైదా జిగురుతో అంటించిన ఆ రోజు కేసుల జాబితాను జిగురుతో సహా తినేసింది. ఆ రోజు ఎవరి కేసు ఎప్పుడో తెలియక మధ్యాహ్నం దాకా అందరం వసారాలో తిరిగాం.

రాజీ విందు

నాలుగు నెలల తర్వాత, ఊళ్లో జాతర అయిన మరునాడు, తిప్పన్నా వన్నూరుస్వామీ ఒకే సైకిలు మీద మా ఆఫీసుకు వచ్చారు. ముద్దాయి తొక్కుతున్నాడు, ఫిర్యాది వెనక కూర్చున్నాడు. ఇద్దరి మొహాలూ వెలిగిపోతున్నాయి. రాజీ అయిందట. పిల్లోడి ఉద్యోగం పోతుందని తిప్పన్న భార్య వారం రోజులు ఆయనతో మాట్లాడలేదట. మారెక్కకు ఒక మొక్కు ఉంది, కొడుక్కు ఉద్యోగం వస్తే అమ్మవారికి పొట్టేలును ఇస్తానని. అందుకని ఊరి పెద్దలు ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడి, మొక్కూ తీరుతుంది రాజీ కూడా గట్టిపడుతుందని దొరను అమ్మవారికి ఇచ్చేశారు. అందరూ కలిసి తిన్నారు.

"ఏ పొట్టేలు?" అన్నాను.

"అదే సామీ, కేసులోది" అన్నాడు తిప్పన్న. "మీకూ తెచ్చినాం" అని మూడు గిన్నెల క్యారియర్ నా బల్ల మీద పెట్టాడు.

కేసులో ఉన్న ఏకైక సాక్ష్య వస్తువు అలా క్యారియర్‌లో నా బల్ల మీదికి వచ్చింది. ఎవరెవరు తిన్నారంటే, ఫిర్యాది, ముద్దాయి, స్వాధీనానికి సంతకాలు పెట్టిన ఇద్దరు మధ్యవర్తులు, జాతర బందోబస్తుకు వచ్చిన కానిస్టేబులు. ప్రాసిక్యూషన్ సాక్షుల జాబితాలో తిననివాడు ఒక్కడూ లేడు. నేను తిన్నానా లేదా అన్నది ఇప్పుడు కూడా చెప్పను. ఆ క్యారియర్ కడిగి తిరిగిచ్చాం.

లెక్క దగ్గర పేచీ

కొత్తవాళ్లు ఇది బాగా తెలుసుకోవాలి. ఊళ్లో రాజీ వేరు, కోర్టులో రాజీ వేరు. కొన్ని నేరాలకే చట్టం రాజీ ఒప్పుకుంటుంది. దొంగతనానికి కోర్టు అనుమతితో రాజీ కావచ్చు, కానీ ఆ రోజుల్లో ఒక మెలిక ఉండేది. పోయిన వస్తువు విలువ రెండు వందల యాభై రూపాయలు దాటకూడదు. తర్వాత ఆ హద్దు పెంచారు, ఆ తర్వాత ఎత్తేశారు. కానీ మా దొర అంతదాకా బతకలేదు.

తిప్పన్న బోనులో అడ్డం తిరిగి "నాకేమీ తెలియదు" అంటే సరిపోదా అని మీరు అడగవచ్చు. మామూలుగా అయితే సరిపోతుంది. కానీ అప్పుడు మా మేజిస్ట్రేటు గోదావరి వైపు నుంచి వచ్చిన ఒక మేడమ్. నెమ్మదిగా మాట్లాడేది, ఏదీ మరిచిపోయేది కాదు. మాట మార్చిన ఒక ఫిర్యాదికి ఆ నెలలోనే తప్పుడు సాక్ష్యం కింద నోటీసు ఇచ్చింది. పైగా తిప్పన్న అడ్డం తిరిగితే ఆమె అడిగే మొదటి ప్రశ్న పొట్టేలు ఏదని.

అటు ఉద్యోగం వాళ్లు కూడా గడువు పెట్టారు. నెలాఖరులోపు కేసు కొట్టేసినట్టు కాగితం తెస్తే ట్రైనింగుకు తీసుకుంటాం, లేకపోతే తర్వాతి పేరు పిలుస్తాం అన్నారు.

అందుకని నేను ఒక తప్పు చేశాను. తప్పు అని తెలిసే చేశాను, మీరు చేయకండి. తిప్పన్నను కూర్చోబెట్టి, బోనులో ధర అడిగితే రెండు వందల యాభై అని చెప్పు, ఐదు వేలని రాసింది అర్జీ రాసినవాడి పొరపాటు అను, వెంటనే రాజీ పిటిషన్ వేస్తాను అన్నాను.

తిప్పన్న నన్ను, నేనేదో బూతు మాట అన్నట్టు చూశాడు.

"దొంగతనం జరగల్యాదని చెప్పమంటే చెప్తా సామీ. నాకు కండ్లు కనపడవని చెప్పమన్నా చెప్తా. రెండు నూర్ల యాభై అని మాత్రం నా నోటితో చెప్పను. దాని కొమ్ములు గూడా రావు ఆ దుడ్లకు."

నచ్చజెప్పాను, కసిరాను. ఖాజా సాహెబు టీ తాగించాడు. పొట్టేలు ఎలాగూ కడుపుల్లోకి పోయింది కదా, ఇంకా ధరేమిటయ్యా అన్నాడు. తిప్పన్న కదల్లేదు. సంతలో నలుగురు చుట్టూ చేరి చూసిన జీవమది, దాని ధర కోర్టులో రెండు వందల యాభై అని రాస్తే రేపు తను ఊళ్లో ఏ మొహంతో గొర్రెలు బేరం చేయాలి అన్నాడు. వన్నూరుస్వామి ఒక మూల నిలబడి నేల చూస్తున్నాడు. వాడు కూడా "వద్దులే సామీ, దొరను అంత మాట అనొద్దు" అన్నాడు. ఉద్యోగం పోతున్నవాడే ఆ మాటంటే నేనేం చేయాలి? నాకు ఒళ్లు మండిపోయింది. ఇద్దరినీ బయటికి పొమ్మన్నాను.

బోనులో తిప్పన్న

విచారణ రోజు కోర్టు హాలు నిండా ఆ పల్లె జనమే. మారెక్క చివరి బెంచీలో కూర్చుంది. నెలాఖరుకు పది రోజులుంది.

ప్రభుత్వ లాయరు మొదలుపెట్టాడు. రాత్రి రెండు గంటలకు టార్చిలైటు వెలుతురులో చూశారు కదా అన్నాడు. తిప్పన్న ఆశ్చర్యపోయాడు. రాత్రి ఎవరు పోయినారు, పట్టపగలు మిట్టమధ్యాహ్నం తోలుకుపోయినాడు, నేను సంతకు పోయింటి, సాయంత్రం వచ్చి చూస్తే ల్యాదు, కోపంలో స్టేషన్‌కు పోతి, బయట అర్జీ రాసేటాయప్ప పగలంటే కేసు నిలబడదని రాత్రి అని రాసినాడు అన్నాడు. కంపచెట్లు కూడా లేవట. మారెక్క ఇంటి ముందర, పసుపూ కుంకుమా పెట్టి, దారిన పోయే అందరికీ కనపడేటట్టు కట్టేసి ఉందట.

నా పెళ్లి ఆల్బమ్ నా చేతిలోనే ఉండిపోయింది. పన్నెండు సాంబారు ఫోటోలు ఒక్క నిమిషంలో ఎందుకూ పనికిరాకుండా పోయాయి. జరగని రాత్రికి నేను అంత గొప్ప డిఫెన్స్ సిద్ధం చేసుకున్నాను. మధ్యాహ్నం సంగతి నాకెవరూ చెప్పలేదు, నేనూ ఎవరినీ అడగలేదు.

ధర అడిగితే ఐదు వేలు అన్నాడు తిప్పన్న, నా వైపు చూస్తూ.

క్రాస్ ఎగ్జామినేషన్‌కు లేచాను. జవాబు తెలియని ప్రశ్న వేయకూడదని ప్రతి లాయరుకూ మొదటి పాఠం. ఆ పాఠం నేనే పది మందికి చెప్పి ఉంటాను. కానీ కోపం వచ్చినవాడికి పాఠాలు గుర్తుండవు. ఐదు వేలు ఎలా చేస్తుందయ్యా ఒక పొట్టేలు, అని అడిగేశాను.

ఎప్పుడెప్పుడా అని చూస్తున్నాడు తిప్పన్న. దాని తల్లి బళ్లారి జాతి అని మొదలుపెట్టాడు. దాని నడుమెంత, కొమ్ములెన్ని సుట్లు తిరిగినాయి, రాయదుర్గం నుంచి కూడా వచ్చి ఎట్ల చూసిపోతాండ్రి, అన్నీ చెప్పాడు. ప్రభుత్వ లాయరు ఆవలించాడు. మేడమ్ మాత్రం వింటోంది.

"ఈనిన వారానికే దాని తల్లి సచ్చిపాయ సామీ. కరువు, గడ్డిపోచ ల్యాదు. మారెక్క మేకపాలు సీసాలో పోసి తాపి బతికించె. రాత్రిపూట మంచం పక్కన పండబెట్టుకునె. అట్ల పెరిగినాది అది. ఊరికే ఐదు వేలు అవుతాదా?"

"మీ పొట్టేలును మారెక్క ఎందుకు పెంచింది?" అన్నాను. అప్పటికి నాకు కూడా ఎటు పోతున్నానో తెలియదు.

"సగానికి ఇచ్చింటి కదా సామీ. గొర్రెలు నావి, మేపేది ఆమె. ఈనినదాంట్లో సగం నాది, సగం ఆమెది. మా పక్క అంతా అట్లే కదా."

టైపు మిషన్ ఆగింది. మేడమ్ ముందుకు వంగి, ఆ పిల్లల్ని ఇద్దరూ పంచుకున్నారా అని ఆమే అడిగింది.

"యాడ పంచుకుంటిమి మేడమ్. ఇచ్చిన నాలుగు గొర్రెలూ కరువులో పాయ. పంచుకునేదానికి మిగిలింది దొర ఒక్కటే. దాన్ని నేను తోలుకొచ్చుకుంటి, ఇంకో ఈతకు చూసుకుందామ్‌లే అని."

"ఇంకో ఈత వచ్చిందా?"

"గొర్రెలే ల్యాకపాయ. ఈత యాడ వస్తాది?"

"అంటే ఆ పొట్టేలులో సగం ఎవరిది?"

"మారెక్కదే" అన్నాడు తిప్పన్న. "ల్యాదని నేను ఎప్పుడంటి?"

హాలులో ఒక్కరూ ఆశ్చర్యపోలేదు. ఆ పల్లెలో గొర్రెలు కాసే ప్రతివాడికీ తెలిసిన సంగతి అది. తెలియంది నాకూ, ప్రభుత్వ లాయరుకూ, చట్టానికీ. తనదని నిజంగా నమ్మి, దాచకుండా, పట్టపగలు నలుగురి ముందూ తీసుకుపోతే అది దొంగతనం కాదు. దొంగతనానికి చెయ్యి ఒక్కటే చాలదు, దురుద్దేశం కూడా ఉండాలి. ఇది లా కాలేజీలో మొదటి సంవత్సరం చెప్తారు. ఎన్నో ఏళ్లు ప్రాక్టీసు చేసి, ఆ చిన్న సంగతి ఒక గొర్రెల కాపరి గొప్పలు చెప్పుకుంటుంటే విని తెలుసుకున్నాను. సిగ్గేసింది. ఈ ముక్క ముందే నాకెందుకు చెప్పలేదురా అని వన్నూరుస్వామి మీద కోపం కూడా వచ్చింది.

అప్పుడు మేడమ్ నేను భయపడిన ప్రశ్న అడిగింది. పొట్టేలు ఎక్కడుంది?

"తింటిమి మేడమ్" అన్నాడు తిప్పన్న.

ఎవరు తిన్నారంటే, ఎవరినీ మరిచిపోకూడదని హాలంతా కలయజూస్తూ ఒక్కొక్కరినీ చేత్తో చూపించడం మొదలుపెట్టాడు. మధ్యవర్తులిద్దరినీ చూపించాడు. తలుపు దగ్గర నిలబడ్డ కానిస్టేబుల్ని చూపించాడు. ఆయన అప్పుడే ఏదో పనున్నట్టు బయటికి పోయాడు. తర్వాత వేలు మెల్లగా లాయర్ల బల్ల వైపు తిరుగుతుండగా ఖాజా సాహెబుకు పెద్ద దగ్గు వచ్చింది. అంత సేపు దగ్గిన మనిషిని నేను చూడలేదు. మేడమ్ ఆయనకు నీళ్లు ఇప్పించి, ఇక చాలు అంది. ఆమె నా వైపు చూడలేదు. చూడకపోవడం కూడా ఒక తీర్పే అని నాకు అర్థమైంది.

అన్నీ అబద్ధం

సాక్ష్యం అయ్యాక ముద్దాయిని పిలిచి, నీ గురించి వీళ్లు చెప్పినదానికి నువ్వేమంటావు అని కోర్టు అడుగుతుంది. ఈ ఘట్టానికి ఖాజా సాహెబు తర్ఫీదు ఒకటే, ఏమడిగినా "అబద్ధం" అను. వన్నూరుస్వామి దాన్ని నెల రోజులు వల్లె వేశాడు.

పొట్టేలు తీసుకుపోయావంటున్నారు అంటే, అబద్ధం అన్నాడు. అది మీ ఇంటి ముందు దొరికిందంటున్నారు అంటే, అబద్ధం. పొట్టేలులో సగం మీ అమ్మదని తిప్పన్న చెప్పాడు, ఏమంటావు?

"అబద్ధం మేడమ్."

వెనక బెంచీలో నుంచి మారెక్క లేచి నిలబడింది.

"రేయ్, అది నిజం రా" అంది. ఇన్ని నెలలు నేను అనొద్దన్న మాట, హాలంతా వినపడేటట్టు అంది.

కోర్టులో అలా అరవకూడదు. ఆమెను బయటికి పంపాలి. మేడమ్ పంపలేదు. కళ్లజోడు తీసి తుడుచుకుని, ఆ ప్రశ్నను చిన్న పిల్లలకు చెప్పినట్టు మళ్లీ మొదటి నుంచి అడిగింది. వాడు ఖాజా సాహెబు వైపు చూశాడు. ఆయన పైకప్పు వైపు చూశాడు. అప్పుడు వన్నూరుస్వామి ఖాజా సాహెబు నేర్పని మాటలు నాలుగు చెప్పాడు: మాయమ్మ సాకినాది, మొక్కు ఉండె, సగం మాదే కదా అని పగలే పోయి తోలుకొచ్చినా, తిప్పన్నను అడిగి ఉండాల్సింది, అడగకపోవడం తప్పే.

ఇరవై ఎనిమిదో తారీఖున కేసు కొట్టేశారు. తీర్పు కాగితం చేతికి రాగానే వాడు బస్సు కోసం పరుగెత్తాడు. నాకు చెప్పి పోవడం కూడా మరిచాడు. నేనైతే ఏమీ అనుకోలేదు, నేను చేసిందేమీ లేదు కదా.

జరిమానా

పొట్టేలును చూపించలేకపోయినందుకు తిప్పన్న ఐదు వేలు కట్టాలి. మేడమ్ కరువును చూసి, రాజీని చూసి, ఐదు వందలకు తగ్గించింది. తిప్పన్న చేతులు కట్టుకుని ఒక మనవి చేశాడు. ఐదు నూర్లని రాస్తే దొర ధర ఐదు నూర్లని లోకం అనుకుంటుంది, కాబట్టి ఐదు వేలే వేయండి అన్నాడు. వారం ముందు బుడ్డల విత్తనానికి, అంటే వేరుశనగకు, అప్పు చేసిన మనిషి. మేడమ్, పొట్టేలు మేలైన జాతిదనీ దాని విలువ ఐదు వేలని కోర్టు నమ్ముతోందనీ, అయినా ఫిర్యాది పరిస్థితిని బట్టి జరిమానా తగ్గిస్తున్నాననీ రాయించింది. తిప్పన్న ఆ కాగితం నకలు తీసుకున్నాడు. ఊళ్లో అది ఎన్నిసార్లు చదివించుకున్నాడో నాకు తెలియదు.

కట్టే రోజు కౌంటరు దగ్గర తిప్పన్న నోట్లు తీస్తుంటే, మారెక్క వెనక నుంచి వచ్చి కొంగు ముడి విప్పింది. రెండు వందల రూపాయలు, ఒక యాభై. ఆయన చేతిలో పెట్టింది.

"సగం నాది కదప్పా" అంది. "తినేటప్పుడు సగం తింటిమి. కట్టేటప్పుడు నువ్వొక్కడే కడితే ఎట్ల?"

తిప్పన్న ఆ నోట్లను చూశాడు. రెండు వందల యాభై అనే మాట అనడానికే ఒప్పుకోని మనిషి, ఆ రెండు వందల యాభైని కళ్లకద్దుకుని తీసుకున్నాడు. నేను ఖాజా సాహెబు వైపు తిరిగి కళ్లలో దుమ్ము పడిందన్నాను. మా కోర్టు ఆవరణలో దుమ్ముకు కొదవ లేదు కాబట్టి ఆయన నమ్మాడు.

రాయదుర్గం బస్సులో

ఆ తర్వాత మా ఆఫీసులో బెంచీని గుమ్మం లోపలికి తెచ్చాను. కాగితం చదవడం మానలేదు, చదవాలి కూడా. కానీ ముందు మనిషిని కూర్చోబెట్టి, ఏం జరిగిందప్పా అని అడిగి, నోరు మూసుకుని వినడం అలవాటు చేసుకున్నాను. వినడం కష్టం. సెక్షన్లు నేర్చుకోవడం కంటే చాలా కష్టం.

నాలుగైదేళ్ల తర్వాత రాయదుర్గం బస్సు ఎక్కితే కండక్టరు వన్నూరుస్వామి. కాస్త ఒళ్లు చేశాడు. ఖాకీ చొక్కా, భుజాన సంచి. మా అమ్మ బాగుంది అన్నాడు. తిప్పన్న మళ్లీ నాలుగు గొర్రెలు సగానికి ఇచ్చాడట, ఈసారి ఈనిన వెంటనే పంచుకుంటున్నారట. అన్నీ విన్నాక, ఇన్నేళ్లుగా నా మనసులో ఉన్నది అడిగాను. పొట్టేలులో సగం మీదని మొదటి రోజే నాకెందుకు చెప్పలేదురా?

వాడు టికెట్ చింపుతూ నిజంగానే ఆలోచించాడు.

"మీరు అడగల్యాదు కదా సామీ. రాత్రి రెండు గంటలకు యాడుంటివి అని అడిగితిరి. చెప్తిని. మాయమ్మ చెప్పబోతే ఊరకుండుమంటిరి."

టికెట్ నా చేతిలో పెట్టి, చిల్లర ఇచ్చి, వెనక సీట్ల వైపు పోయాడు.